మిర్చి రంగు ఎంజీఏ, బోర్డు లేని లేత్ షాపు

వరంగల్ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపు ఉంది. పేరుతో బోర్డు లేదు. షట్టర్ మీద ఎప్పుడో రాయించిన "ఆల్ టైప్ లేత్ వర్క్స్" అన్న అక్షరాలు సగం గ్రీజు కింద పోయాయి. పాత ఇంగ్లిష్ స్పోర్ట్స్ కార్లు మన వైపు ఎందరి దగ్గర ఉన్నాయో గానీ, ఉన్న ఆ కొద్దిమందీ హైదరాబాద్‌కు ట్రాలీ మాట్లాడుకునే ముందు ఒకసారి ఇక్కడ ఆగాలి. అన్ని పనులకూ కాదు. ఏ పనికి పోవాలో, ఏ పనికి పోకూడదో చెబుదామనే ఇది రాస్తున్నాను.

ముందు బండి సంగతి. నాది 1957 నాటి ఎంజీఏ 1500, ఎంజీ కంపెనీ స్పోర్ట్స్ కారు. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1955 నుంచి 1962 దాకా అన్ని రకాల ఎంజీఏలూ కలిపి లక్షకు పైగా తయారయ్యాయి. అందులో చాలావరకు విదేశాలకే పోయాయి, ముఖ్యంగా అమెరికాకు. రెండు సీట్లు, పైన గుడ్డ టాపు. తలుపులకు బయట హ్యాండిలే ఉండదు, లోపలికి చెయ్యి పెట్టి తాడు లాగాలి. నేను ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి నడుపుతాను. బండి రంగు అచ్చం తేజ మిర్చి. మార్కెట్లో హమాలీలు నవ్వుకోవడానికి అదొక్కటి చాలు.

ఇలాంటి బండికి ఇక్కడ సామాను ఎట్లా దొరుకుతుందని అందరూ అడుగుతారు. అంబాసిడర్ పుణ్యమా అని దొరుకుతుంది. ఎంజీఏ 1500లో ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ళ బీ సిరీస్ ఇంజిన్, 1489 సీసీ. హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్‌కు దశాబ్దాల పాటు వేసిందీ అదే బీ సిరీస్, అదే 1489 సీసీ. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 73 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 89. కలెక్టర్లు తిరిగిన తెల్లకారుకూ ఈ ఎర్రకారుకూ లోపల తిరిగేది దాదాపు ఒకటే. తేడా ఎక్కడంటే, దీనికి ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు (పెట్రోలునూ గాలినీ కలిపేవి) రెండు, కంప్రెషన్ (సిలిండర్‌లో ఆ మిక్చర్‌ను నొక్కే నిష్పత్తి) ఎక్కువ, 8.3కి 1. పవర్ 70 హార్స్‌పవర్ అటూ ఇటూ. అంబాసిడర్ పిస్టన్లు వేస్తే కూర్చుంటాయి, కానీ కంప్రెషన్ పడిపోతుంది, బండి బద్ధకిస్తుంది. టైమింగ్ చైన్, ఇంజిన్ పక్కనుండే టాపెట్ కవర్ల కార్కు ప్యాకింగులు లాంటివైతే రంది లేదు. టైర్లు కూడా అంతే. దీనికి కంపెనీ ఇచ్చిన సైజు 5.60-15, అంబాసిడర్‌ది 5.90-15. రిమ్ము ఒకే సైజు కాబట్టి ఎక్కుతాయి, కాకపోతే స్పీడోమీటర్ అసలు వేగం కంటే కాస్త తక్కువ చూపిస్తుంది. 2014లో అంబాసిడర్ ఆగిపోయినా సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే ఇంకా సామాను తగులుతుంది. అక్కడ లేకపోతే ఢిల్లీ కశ్మీరీ గేట్, కలకత్తా మల్లిక్ బజార్.

అంబాసిడర్‌లో లేనివి, ఇంగ్లండ్ నుంచి తెప్పిస్తే కొరియర్, కస్టమ్స్ కలిపి వస్తువు కంటే ఖర్చు ఎక్కువయ్యేవి కొన్ని ఉంటాయి. ఈ షాపుతో పని పడేది అక్కడే.

షాపు ఉస్తాద్‌కు అరవై దాటాయి. వాళ్ళ నాన్న ఆజంజాహీ బట్టల మిల్లు వర్క్‌షాపులో పనిచేసిన మనిషి. 1934లో పెట్టిన మిల్లు అది. మూతపడి ఏళ్ళయినా, ఆ వర్క్‌షాపులో చెయ్యి తిరిగినవాళ్ళ పిల్లలు, శిష్యులు ఇంకా వరంగల్‌లో మిషన్ల మీద ఉన్నారు. షాపులో రెండు లేత్‌లు. ఒకటి కొత్తది, రాజ్‌కోట్‌ది. రెండోది చాలా పాతది, మిల్లు నుంచే వచ్చిందని ఆయన చెబుతాడు. దాని బెడ్డు అంచులు అరిగి మెరుస్తుంటాయి. నాకు పనికొచ్చేది ఈ ముసలిదే, ఎందుకంటే దీని లీడ్ స్క్రూ (మర కోసేటప్పుడు టూలును నడిపించే పొడుగు స్క్రూ) ఇంచుల్లో ఉంది. మన ఇంగ్లిష్ బండ్ల బోల్టులు దాదాపు అన్నీ ఇంచుకు ఇన్ని మరలు అన్న లెక్కలో ఉంటాయి. మిల్లీమీటర్ లేత్ మీద ఆ మర సరిగ్గా రావాలంటే గేర్ల మధ్య 127 పళ్ళ గేరు పెట్టాలి. ఇంచుకు 25.4 మిల్లీమీటర్లు, దాన్ని పూర్ణసంఖ్య చేయాలంటే ఐదుతో గుణించాలి, 127 అట్లా వస్తుంది. ఆ గేరు లేని చోట "దగ్గర దగ్గరగా" కోసి ఇస్తారు. ఆ దగ్గర దగ్గర బోల్టే నాలుగు చుట్లు తిరిగాక పట్టేస్తుంది. ఈ ముసలి లేత్ మీద ఆ బాధ లేదు, గేర్లు మార్చి నేరుగా కోస్తాడు.

ఇది వినడానికి చిన్న సంగతే, కానీ నా బండి సగం రోగాలు దీనివల్లే వచ్చాయి. నాకంటే ముందు ఎవరో, ఏ ఊళ్ళోనో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర 5/16 ఇంచు రంధ్రంలో ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టును బలవంతంగా ఎక్కించారు. చూడ్డానికి రెండూ ఒకటే. 5/16 అంటే 7.94 మిల్లీమీటర్లు, కంటికి తేడా తెలియదు. కానీ ఈ బండిది యూఎన్ఎఫ్ అనే సన్న మర, ఇంచుకు 24, అంటే మరకు మరకు మధ్య మిల్లీమీటరు పైన కొద్దిగా. ఎం8ది 1.25. రెండు చుట్లు హాయిగా పోతుంది, మూడో చుట్టుకు బిగుసుకుంటుంది, ఇంకా తిప్పితే లోపలి మరలన్నీ గీరుకుపోతాయి. ఉస్తాద్ ఆ రంధ్రంలోకి టార్చ్ వేసి చూసి, "బోల్టు చేత్తోని ఎక్కుతలేదంటే అది దాని బోల్టు కాదు సేట్, గంత తెల్వదా వాళ్ళకు" అన్నాడు. తర్వాత రంధ్రాన్ని పెద్దది చేసి, బయట ఒక మర, లోపల ఒక మర ఉన్న స్టీలు గొట్టం ముక్క (బుష్) తయారుచేసి ఎక్కించాడు. ఒక్కోదానికి 250 రూపాయలు. ఇప్పుడు అసలు స్టడ్ (తల లేని బోల్టు) వేలితో చివరిదాకా పోతుంది.

ఇక ఈ షాపులో నేను చూసిన అసలు పనితనం కార్బురేటర్ల దగ్గర. ఎస్‌యూ కార్బురేటర్లో థ్రాటిల్ స్పిండిల్ అని ఒక సన్నని కడ్డీ ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే తిరిగేది అదే. ఏళ్ళ తరబడి తిరిగీ తిరిగీ అది కూర్చునే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరుగుతుంది. ఆ సందులోంచి గాలి లోపలికి దూరుతుంది. ఇక మీరు మిక్చర్ ఎంత సెట్ చేసినా ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరగడం) నిలబడదు. రెండు కార్బురేటర్లున్న బండికి తలనొప్పి కూడా రెండింతలే. నగరంలో ఒక పేరున్న గ్యారేజీలో చూపిస్తే, ఇవి తీసేసి మారుతి కార్బురేటర్ వేసుకోమని సలహా ఇచ్చారు. నేను దండం పెట్టి వచ్చేశాను.

ఉస్తాద్ మొదట స్పిండిల్ కొలిచాడు. "రెండున్నర సూత్" అన్నాడు. సూత్ అంటే ఇంచులో ఎనిమిదో వంతు, కాబట్టి 5/16. కడ్డీ మధ్యలో అరగలేదు, రెండు కొసలు మాత్రం అరిగాయి. దాన్ని పక్కన పడేసి స్టెయిన్‌లెస్ రాడ్డుతో కొత్తది చేశాడు. బుష్‌లకు గన్‌మెటల్ ఎక్కడిదంటే, బోరు మోటార్లకు బుష్‌లు కోయగా మిగిలిన ముక్క. ఈ షాపుకు అన్నం పెట్టేవి బోరు మోటార్లు, రైస్ మిల్లు షాఫ్టులు, జిన్నింగ్ మిల్లు రోలర్లు. నా బండి పని ఆయనకు సరదా కింద లెక్క.

కష్టం బుష్ చేయడంలో లేదు. కార్బురేటర్ బాడీకి రెండు వైపులా రెండు రంధ్రాలుంటాయి, అవి ఒకే గీత మీద ఉండాలి. ఒక్కో వైపు నుంచి విడిగా డ్రిల్ చేస్తే వెంట్రుకంత పక్కకు పోయినా స్పిండిల్ బిగుసుకుంటుంది. డ్రిల్ బిట్టు ఎప్పుడూ అరిగిన వైపుకే జారుతుంది కూడా. అందుకని ఆయన కార్బురేటర్‌ను చక్‌లో (లేత్‌లో తిరిగే పట్టులో) పట్టలేదు. లేత్ మీద అటూ ఇటూ జరిగే క్యారేజీకి యాంగిల్ ప్లేటు పెట్టి, దానికి బాడీని బిగించాడు. టూలును చక్‌లో పట్టి తిప్పుతూ, బాడీని దాని మీదికి నడిపించి, ఒకే సెట్టింగులో రెండు రంధ్రాలూ బోరు చేసి, రంధ్రాన్ని నునుపుగా సరిచేసే పొడుగు రీమర్‌ను రెండింటిలోంచి ఒకేసారి లాగాడు. బుష్‌లు వైస్‌లో పెట్టి మెల్లగా ఒత్తి ఎక్కించి, మళ్ళీ ఒకసారి రీమర్ తిప్పాడు. స్పిండిల్ వేసి ఒక కొసను వేలితో మీటాడు. కడ్డీ దానంతటదే అరచుట్టు తిరిగి ఆగింది. మళ్ళీ మీటి, నన్ను కూడా మీటి చూడమన్నాడు.

థ్రాటిల్ పళ్ళేన్ని స్పిండిల్‌కు పట్టే రెండు బుల్లి స్క్రూలుంటాయి. వాటి కొసలు చీలి ఉంటాయి. బిగించాక ఆ చీలికను విప్పార్చాలి, లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు స్క్రూ వదులై నేరుగా ఇంజిన్‌లో పడుతుంది. నేను చెప్పకముందే ఆయన కింద ఇనుప ముక్క ఆనించి, పంచ్‌తో కొసలు విప్పాడు. ఎస్‌యూ కార్బురేటర్ తన జీవితంలో ఇదే మొదటిసారి చూస్తున్నానన్నాడు, స్క్రూ కొస ఎందుకు చీలి ఉందో మాత్రం చూడగానే పట్టేశాడు. రెండు కార్బురేటర్లకూ కలిపి 3,500 తీసుకున్నాడు. బండికి వేశాక రబ్బరు పైపు ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి, రెండింటి ఊపిరి చప్పుడు ఒకటయ్యేదాకా స్క్రూ తిప్పుకున్నాను. ఇప్పుడు ములుగు దాకా పోయొచ్చినా ఐడ్లింగ్ కదలదు.

అన్నట్టు, పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కదా, దాని గురించి ఒక మాట. ఈ కార్బురేటర్లలో జెట్ (పెట్రోలు వచ్చే సన్న గొట్టం) చుట్టూ కార్కు సీళ్ళుంటాయి. పాత రబ్బరు పైపులు, కార్కు ఈ పెట్రోలుకు తట్టుకోవు. కార్బురేటర్ విప్పినప్పుడే వాటి సంగతి కూడా చూసుకోవాలి. అది లేత్ షాపు పని కాదు, సీళ్ళు మీరే తెచ్చుకోవాలి.

డైనమో విషయంలో ఆయన నాకు పెద్ద ఖర్చే తప్పించాడు. బండికి అసలున్నది లూకాస్ డైనమో. చార్జింగ్ సరిగా లేదని చూసినవాళ్ళందరూ ఆల్టర్నేటర్ పెట్టించుకోమన్నారు. ఎంజీఏలో ఆర్‌పీఎం మీటరు కరెంటుతో నడవదు. డైనమో వెనక ఒక చిన్న గేర్ పెట్టె ఉంటుంది, దాంట్లోంచి వచ్చే కేబుల్ మీటరును తిప్పుతుంది. డైనమో తీసేస్తే మీటరు చచ్చినట్టే. ఉస్తాద్ ఆ కేబుల్‌ను చేత్తో పట్టుకుని డ్యాష్‌బోర్డు దాకా పోయి చూసొచ్చి, "డైనమో ఉండనీయి, బుష్ పోయింది అంతే" అన్నాడు. వెనక వైపు బుష్ సన్న రంధ్రాలున్న కంచుతో చేసింది, నూనె పీల్చుకుని ఉంటుంది. దొరికిన పెద్ద సైజు బుష్‌ను పైన మాత్రం తగ్గించాడు. లోపల టూలు పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయట. ఒక రోజంతా ఇంజిన్ ఆయిల్లో నానబెట్టాకే ఎక్కించాడు. 400 రూపాయలు.

ఈ బండికి బాడీ వైపు పాజిటివ్ ఎర్తు, సీట్ల వెనక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు. షాపు పక్కన ఉండే ఎలక్ట్రీషియన్ చెయ్యి పెట్టకముందే ఈ మాట గట్టిగా చెప్పండి. అలవాటు కొద్దీ నెగటివ్‌ను బాడీకి బిగిస్తారు.

సీసం సుత్తి ఒకటి చేయించాను. తీగల చక్రాలకు మధ్యలో ఒకే పెద్ద నట్టు, దాని చెవుల మీద కొట్టి తిప్పాలి. ఎడమ చక్రాలకూ కుడి చక్రాలకూ మరలు ఎదురెదురు దిశల్లో ఉంటాయి. ఇనుప సుత్తితో కొడితే చెవుల క్రోమియం లేచిపోతుంది. పాత చక్రాల బరువులు కరిగించి, డబ్బాలో పోసి, మధ్యలో జీఐ పైపు నిలబెట్టి ఇచ్చాడు. అందం అడక్కండి. 600 అయింది. ఆడుతూ పాడుతూ పనిచేస్తోంది.

ఇన్ని చేసినవాడు ఒక పని మాత్రం ముట్టనన్నాడు. ఎంజీఏ ముందు చక్రాల దగ్గర నిలువుగా ఉండే స్వివెల్ పిన్నుకు పైనా కిందా మరలుంటాయి, వాటి మీద ట్రనియన్లు అనే మర ఉన్న కీళ్ళు తిరుగుతాయి. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఆ మర మీదే బరువు. నావి లొడలొడలాడుతున్నాయి. మర కోయడం ఆయనకు చిటికెలో పని. కానీ ఆ ముక్కను చేతిలో తిప్పి తిప్పి చూసి వెనక్కిచ్చాడు. "ఇది నేను చెయ్య సేట్. ఏం స్టీలో, ఎట్ల హార్డెనింగ్ చేసిండ్రో నాకు తెల్వది. ఇంగ్లండ్ కెల్లి తెప్పిచ్చుకోండ్రి" అన్నాడు. బ్రేకు సిలిండర్ల విషయంలోనూ అంతే. నేను కొంచెం బతిమాలాను, పైసలు ఎక్కువిస్తానన్నాను. టీ తెప్పించి మాట మార్చాడు. ఇంగ్లండ్ నుంచే తెప్పించుకున్నాను, జేబు బాగానే ఖాళీ అయింది. నా దృష్టిలో మాత్రం ఈ షాపుకు మార్కులు పడాల్సింది ఇక్కడే. ఏదైనా చేస్తామనే షాపులు ఆటోనగర్‌లో చాలా ఉన్నాయి. వాళ్ళ చేతికి స్టీరింగ్ ఇవ్వాలంటే నాకు టెన్షన్.

ఇప్పుడు లోపాలు. రబ్బరు పనికి ఇక్కడికి అస్సలు రావద్దు. ముందు సస్పెన్షన్ కింది ఆర్ములకు రబ్బరు బుష్‌లు కావాలంటే, బొగ్గు గనుల వైపు నుంచి వచ్చిన పాత కన్వేయర్ బెల్టు ముక్క తీసి గుండ్రంగా కోసి ఇచ్చాడు. చూడ్డానికి గట్టిగా, భేషుగ్గా ఉన్నాయి. ఆ బెల్టులో రబ్బరు పొరల మధ్య గుడ్డ ఉంటుంది. ఒక ఎండాకాలం గడిచేసరికి పొరలు విడిపోయాయి, స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ కీచుమని ఏడ్చేది బండి. డబ్బులు వెనక్కి అడిగితే నవ్వి, సగం ఇచ్చాడు. అదే బెల్టు ముక్క బ్యాటరీల కింద పరవడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది.

రెండోది, కుర్రాళ్ళు. ఉస్తాద్ పక్కన లేనప్పుడు మీ సామాను వాళ్ళ చేతికి ఇవ్వొద్దు. ఎస్‌యూ కార్బురేటర్లోని పిస్టను, దాని పైని చాంబరు ఒకదానికొకటి సరిజోడుగా చేసినవి. వాటిని పెట్రోలుతో తుడవాలే తప్ప గీకకూడదు. రంధ్రాలు మూసి, తలకిందులు చేసి వదిలితే, ఒకటిన్నర ఇంచు కార్బురేటర్‌కు చాంబర్ 5 నుంచి 7 సెకన్లలో జారాలని లెక్క. ఒక కుర్రాడు దాన్ని మెరిపిద్దామని ఎమరీ పేపర్ తీశాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. పాపం వాడి ఉద్దేశం మంచిదే.

మూడోది టైం. దసరా నుంచి సంక్రాంతి దాటేదాకా పత్తి సీజన్. జిన్నింగ్ మిల్లు వాళ్ళు రోలర్ పట్టుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడితే మీ కార్బురేటర్ మూలకు పోతుంది. దానికి నేను కోప్పడను, నా మార్కెట్లో కూడా సీజన్ సీజనే. కానీ ఆ నెలల్లో "రేపు రండ్రి" అన్నమాటను లెక్కలోకి తీసుకోవద్దు. బిల్లు ఉండదు. ఏ మెటల్ వాడాడో అడిగితే తప్ప చెప్పడు, కాబట్టి అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టుకోండి, ఐదేళ్ళ తర్వాత మీకే పనికొస్తుంది.

పిస్టన్ల గురించి కూడా చెప్పాలి. నేను ఇంజిన్‌కు అంబాసిడర్ పిస్టన్లే వేయించాను, ఇరవై ఓవర్‌సైజు, అంటే ఇంచులో వెయ్యో వంతులు ఇరవై పెద్దవి. బోరింగ్ ఇక్కడ కాదు, ఉస్తాద్ చెప్పిన మరోచోట చేయించాను. కంప్రెషన్ తగ్గుతుందని హెడ్డు ఫేసింగ్ (అడుగు భాగాన్ని కోసి చదును చేయడం) కొంచెం ఎక్కువ తీయించమని ఆయనే చెప్పాడు. కొంత తిరిగొచ్చింది, మొత్తం రాలేదు. హనుమకొండ నుంచి కాజీపేట బ్రిడ్జి మీదుగా తిరిగేవాడికి ఇది చాలు. ర్యాలీలకు పోయేవాళ్ళు అసలు పిస్టన్లే తెప్పించుకోండి.

పోదలచుకున్నవాళ్ళు విరిగిన ముక్క ఒక్కటే పట్టుకుపోవద్దు, అది ఎందులో కూర్చుంటుందో ఆ రెండో ముక్క కూడా పట్టుకుపోండి. ఫొటోలు చూపిస్తే ఆయన చూడడు. కొలతలు ఇంచుల్లోనో సూత్‌ల్లోనో చెప్పండి, మిల్లీమీటర్లు చెబితే కుర్రాడు కొత్త లేత్ మీదికి తీసుకెళ్తాడు. పొద్దున పది తర్వాత పోండి, శుక్రవారం మధ్యాహ్నం షట్టర్ దించి ఉంటుంది. ఫోన్ ఎత్తడు. అడ్వాన్సు సగం ఇస్తే చాలు, మిగతాది ముక్క బండిలో బిగించి చూసుకున్నాక ఇస్తామన్నా ఏమీ అనడు. నా ఆర్‌పీఎం మీటరు గేర్ పెట్టె ప్రస్తుతం ఆయన బల్ల మీదే ఉంది. లోపల ఒక గేరు పళ్ళు రాలాయి, పత్తి రోలర్లు అయ్యాక చూస్తానన్నాడు.